నీళ్లకు కాపలా కాసే ఊరి నుంచి సింగపూర్‌ను చూస్తే

చెన్నై నుంచి సింగపూర్ వెళ్లొచ్చిన వాళ్లు ముందుగా చెప్పేది రోడ్ల శుభ్రత గురించే. అక్కడ మా చెల్లెలి ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా కళ్లు మాత్రం వంటగది కొళాయి మీదే ఉన్నాయి. నిద్ర లేవగానే గ్లాసు పట్టుకుని నేరుగా తాగేస్తారు. ఫిల్టర్ లేదు, కాచి చల్లార్చడం లేదు. మిద్దె మీద ట్యాంకు నిండిందా లేదా అన్న ధ్యాస ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

చెన్నైలోని పెరంబూరులో మాకు తెల్లవారేదే ఆ ధ్యాసతో. మెట్రో వాటర్ (చెన్నై నీళ్ల బోర్డు) నీళ్లు వచ్చే వేళకి సంపు మూత తీసి చూడాలి, మోటారు వేయాలి, ట్యాంకు పొర్లకముందే ఆపాలి. లైన్లో నీళ్లు సన్నగా వచ్చే వీధుల్లో గుమ్మం ముందున్న చేతి పంపు కొట్టి బిందెలు నింపుకోవాలి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ వేరు, ఎండాకాలం వస్తే లారీ నీళ్లు వేరు. లారీ చెప్పిన టైముకు రాకపోతే ఆ పూటంతా టెన్షనే. ఇదంతా ఎక్కువగా ఎవరి నెత్తిన పడుతోంది? ఆఫీసుకు పరిగెత్తాల్సిన కోడలి మీద, మోకాళ్ల నొప్పులున్న అత్తగారి మీద. నీళ్లు నిల్వ చేయడం, పైకి ఎక్కించడం, శుద్ధి చేయడం నీళ్ల బోర్డు పనులు. మా ఊళ్లో వాటిని ఇల్లాళ్లు చేస్తున్నారు. రెండు ఊళ్ల బతుకుల్లో నాకు కనిపించిన అసలు తేడా ఇదే.

వాళ్లకు డబ్బుంది, జనానికి క్రమశిక్షణ ఉంది అని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. 1963-64లో సింగపూర్ ప్రజలు కూడా నీళ్ల రేషన్‌తో నెట్టుకొచ్చారు. ఇప్పటికీ మలేసియాలోని జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తెచ్చుకుంటున్నారు. 1962 నాటి ఆ ఒప్పందం 2061లో ముగుస్తుంది. ఆ గడువు కళ్లముందు ఉంది కాబట్టే 2003లో వాడిన నీటిని తిరిగి శుద్ధి చేసి ‘న్యూవాటర్’ తెచ్చారు. 2005లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టారు. 2008లో నది సముద్రంలో కలిసే చోట మరీనా బరాజ్ కట్టి ఊరి నడుమే మంచినీటి జలాశయం చేశారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, 2001 నుంచి తాగునీరు, మురుగునీరు, వాననీటి కాలువలు అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. మన దగ్గర కొళాయి నీళ్లు, డ్రైనేజీ మెట్రో వాటర్‌వి, వాననీటి కాలువలు కార్పొరేషన్‌వి, చెరువులు జలవనరుల శాఖవి. వాన పడితే ఒకరి కాలువ ఇంకొకరి చెరువు దాకా చేరదు.

పొరుగు నీటి మీద ఆధారపడటం మనకూ ఉన్నదే. తెలుగుగంగ అంటే చెన్నై తెలుగువాళ్లకు ఒక గర్వం. ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు 1983లో కుదిరిన ఒప్పందం అది. కండలేరు నుంచి కాలువలో కృష్ణా నీళ్లు చెన్నై దగ్గరి పూండి జలాశయానికి తొలిసారి 1996లో చేరాయి. ఏటా 12 టీఎంసీలు రావాలి. చాలా ఏళ్లు అందులో సగం కూడా రాలేదు. అయినా ఆ కొరత మనల్ని తొందరపెట్టలేదు. 2015 డిసెంబర్‌లో ఊరు మునిగింది, 2019లో జలాశయాలు ఎండి జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించుకున్నాం.

సింగపూర్‌లో ఏడాది పొడవునా వానలు పడతాయి, మనకు ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే. ఆ తేడా నిజమే. కానీ చేతకాదన్న మాట మాత్రం నిజం కాదు. ఇంటింటా ఇంకుడు ఏర్పాట్లు ఉండాలని 2003లోనే పట్టుబట్టి చేయించిన ఊరిది. మీంజూరులో, నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లు పెట్టారు. మా పెరంబూరుకు కూతవేటు దూరంలోని కొడుంగైయూర్‌లో మురుగునీటిని ఆర్వో దాకా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు పంపుతున్నారు. ఫ్యాక్టరీకి గొట్టంలో నమ్మకంగా నీళ్లు ఇవ్వగలిగినప్పుడు ఇంటికి ఎందుకు ఇవ్వలేరన్నది నా ప్రశ్న.

చెల్లెలి ఇంటి బిల్లు కూడా చూశాను. ఎన్ని యూనిట్లు వాడారు, అలాంటి ఇళ్లలో సగటు వాడకం ఎంత, నీటి పొదుపు కోసం వేసే పన్ను ఎంత, అన్నీ విడివిడిగా ఉన్నాయి. మన ఇళ్లలో చాలావాటికి మీటరే లేదు, నెలకింత అని ఒకటే లెక్క. అందుకే ఇక్కడ నీళ్లు చవక అనుకుంటాం. లారీ, క్యాన్, ఆర్వో మెషిన్ సర్వీసు, మోటారు కరెంటు కలిపి చూస్తే చవక మాటే ఉండదు. బోరు గానీ సంపు గానీ లేని పేటల్లో ఈ భారం ఇంకా ఎక్కువ, అక్కడ డబ్బుతో పాటు కూలి పని పోగొట్టుకుని లారీ దగ్గర నిలబడాలి.

మీటర్లు పెట్టాల్సిందే, కానీ గంటో రెండు గంటలో నీళ్లొచ్చే లైనుకు ముందుగా మీటరు బిగిస్తే జనం తిరగబడతారు, అది న్యాయమే. పేద ఇళ్లకు కొంత నీరు ఉచితంగా ఇచ్చి తీరాలి. అంతకుముందే చేయదగ్గ పని ఒకటుంది. కొళాయి నీళ్ల పరీక్ష ఫలితాలను వీధివారీగా నెలనెలా బయటపెట్టమని మన కౌన్సిలర్లను అడగాలి. నమ్మకం కుదిరితే క్యాన్ మానేసేవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు.