వెనిలా సీసాకు హోలోగ్రాం ఏదీ?

చిక్కడపల్లిలో ఉండే మా పిన్నిగారు వైన్ షాపు కనబడితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు దాటిపోయే మనిషి. అటువంటి ఇల్లాలి ఫ్రిజ్‌లో, నిమ్మకాయలకూ అల్లం వెల్లుల్లి ముద్దకూ నడుమ, 35 శాతం ఆల్కహాలున్న సీసా ఒకటి ఆరు నెలలుగా కాపురముంటున్న సంగతి మొన్న మనవడి పుట్టినరోజున బయటపడింది. డాలస్ నుంచి కొడుకు తెచ్చిన అసలు సిసలు వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ అది. కేకు పిండిలో చెంచాడు పడిన తరువాత గానీ బాబాయిగారు కళ్లజోడు సవరించుకుని లేబుల్ చదవలేదు.

35 శాతానికి తగ్గితే అమెరికా నిబంధనలు దానిని ఆ పేరుతో అమ్మనివ్వవు. వెనిలా కాయలోని పరిమళం నీళ్లకు అంతగా లొంగదు, ఆల్కహాలుకు ఇట్టే లొంగుతుంది. మా వీధిలోనూ అటువంటి పెద్దమనుషులు కొందరున్నారు. మన విస్కీలో ఉండేది 42.8 శాతం కనుక, ఆ 118 మిల్లీలీటర్ల బుడ్డి ఒకటిన్నర లార్జ్ పెగ్గులకు పైమాటే. కిరాణా కొట్లో దొరికే చవక ఎసెన్సులు చాలావరకు వెనిలా వాసననిచ్చే కృత్రిమ వెనిలిన్‌ను ప్రొపిలీన్ గ్లైకాల్ అనే మత్తెక్కించని ద్రవంలో కలిపినవి. నకిలీ సరుకు మడి కట్టుకుని కూర్చుంటే అసలు సరుకు తాగి ఉండటం కలికాలం కాక మరేమిటి?

2024లో జూబ్లీహిల్స్‌లో కిలో ఐస్‌క్రీంకు 60 మిల్లీలీటర్ల చొప్పున విస్కీ కలిపి అమ్ముతున్నవారిని ఎక్సైజ్ అధికారులు పట్టుకున్నారు. ఆ శ్రద్ధను వంటిళ్లకూ విస్తరించవలసిందిగా ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను. మద్యం సీసాలకు ఉన్నట్టే ప్రతి వెనిలా సీసాకూ ఎక్సైజ్ హోలోగ్రాం అతికించాలి, అది లేని సీసాను దాచిన ఫ్రిజ్‌ను బెల్టు షాపుగా పరిగణించాలి. గాంధీ జయంతినాడు పుట్టిన పిల్లలు మర్నాడు కేకు కోసుకోవాలి. పుట్టినరోజు విందు ముగించుకుని స్కూటర్ తీసే ప్రతి మేనమామ చేతా గొట్టంలో ఊదించాలి.

ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఓవెన్‌లో అంతా ఎగిరిపోతుందని కోడలు వాదించింది. బాబాయిగారు ఒప్పుకోలేదు. పిండిలో కలిపినది 30 నిమిషాలు కాలిన తరువాత కూడా 35 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక చెబుతున్నదంటూ, పాల బిల్లు వెనుక లెక్క కట్టారు: చెంచాడులో 1.75 మిల్లీలీటర్లు, మిగిలేది సుమారు 0.6, పది ముక్కలకు పంచితే తలా 0.06. రెండు చుక్కలైనా కాదు. బాగా మగ్గిన అరటిపండులోనూ కాస్త ఆల్కహాలుంటుందని నేను గుర్తుచేయగానే, సత్యనారాయణ వ్రతానికి తెచ్చిన అరటిపళ్ల అత్తం వైపు అందరూ ఒకసారి చూసి వెంటనే తల తిప్పుకున్నారు.

చివరికి కేకును పిల్లలు తిన్నారు. సీసాను పారబోయడానికి పిన్నిగారికి మనసొప్పలేదు, డాలర్లు పోసి కొన్నది కదా. ఫ్రిజ్ నుంచి తీసి, మోకాళ్ల నొప్పులకు రోజూ పదేసి చుక్కలు వేసుకునే హోమియో టింక్చర్ సీసాల వెనుక భద్రంగా దాచారు. ఆ లేబుళ్లు బాబాయిగారు ఇంకా చదవలేదు.