ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంది?

మా పిన్ని కొడుకు ఈ ఏడాది బీటెక్ ఫోర్త్ ఇయర్‌లోకి వచ్చాడు. ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్. మొన్న ఆదివారం భోజనాలయ్యాక నా పక్కన చేరి, "అన్నా, ఇంక ఒక్క ఏడాదే ఉంది. ఏం చేస్తే బాగుంటుంది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా బాబాయి చేయి కడుక్కుంటూ, "ప్లేస్‌మెంట్ తెచ్చుకుంటే చాలు" అని తీర్పు చెప్పేశారు. ఆయన ముందు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

నేను 2017లో బయటపడ్డాను. హైదరాబాద్ శివార్లలో ఒక జేఎన్‌టీయూ అఫిలియేటెడ్ కాలేజీ. నాలుగేళ్లూ లెక్కల మీదే బతికాను. సబ్జెక్ట్ లెక్కలు కాదులెండి. 75 శాతం అటెండెన్స్‌కి ఇంకా ఎన్ని క్లాసులు కావాలి, 65 దాటితే తగ్గిన హాజరుకి కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చా, ఎక్స్‌టర్నల్‌లో 75కి 26 వస్తే ఇంటర్నల్స్‌తో కలిపి 40 అవుతుందా, ఇవీ నా లెక్కలు. పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ గైడు, పొద్దున కాలేజీ బస్సులో ఇంపార్టెంట్ క్వశ్చన్లు. ఒక్క బ్యాక్‌లాగ్ లేదు. ఇంట్లో వాళ్లు సంతోషించారు, నేనూ సంతోషించాను.

మేజర్ ప్రాజెక్ట్ అమీర్‌పేటలో కొన్నాం. నలుగురం తలా రెండు వేలు వేసుకున్నాం. మెట్లెక్కి పైకి వెళ్తే ఒకాయన హోటల్ మెనూలాగా టైటిళ్ల లిస్టు చేతికిచ్చాడు. ఒకదాని మీద వేలు పెడితే, "అది వద్దు, మీ పక్క కాలేజీ వాళ్లు నిన్ననే పట్టుకెళ్లారు" అన్నాడు. ఎంత నిజాయితీ! కిట్టు, బైండింగ్ చేసిన డాక్యుమెంటేషన్, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ కలిపే ఇచ్చాడు. కృతజ్ఞతల పేజీలో వేరే కాలేజీ ప్రిన్సిపాల్ పేరు అలాగే ఉండిపోయింది. సబ్మిట్ చేసే రోజు పొద్దున జిరాక్స్ షాపులో కూర్చుని ఆ పేజీ మార్పించాం.

ఆరు నెలల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన మా బోర్డు ఫొటో చూసి, "రిలే కాయిల్‌కి అడ్డంగా ఈ డయోడ్ ఎందుకు పెట్టారు బాబూ?" అని మామూలుగానే అడిగారు. ఎందుకు పెట్టామో సంగతి అటుంచండి, అక్కడ ఒక డయోడ్ ఉందని నాకు అప్పుడే తెలిసింది. రిలే ఆఫ్ అయినప్పుడు కాయిల్‌లో పుట్టే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ కాలిపోకుండా పెడతారట. ఆయనే ఓపిగ్గా చెప్పి, నీళ్లు తాగమని గ్లాసు ఇటు జరిపారు. ఆ ఉద్యోగం రాలేదు.

నిజంగా కడుపు మండేది దాని గురించి కాదు. కాలేజీ వదిలేముందు బాకీలేవీ లేవని పెట్టించుకునే నో డ్యూస్ సంతకాల కోసం తిరుగుతూ మెషీన్స్ ల్యాబ్‌కి వెళ్లినప్పుడు అక్కడి ల్యాబ్ అసిస్టెంట్ ఒక డీసీ షంట్ మోటారుకి బ్రష్‌లు మార్చి టెస్ట్ చేస్తున్నారు. "రా, స్టార్ట్ చెయ్" అన్నారు. మోటారుని మెల్లగా స్టార్ట్ చేసే త్రీ పాయింట్ స్టార్టర్ బొమ్మ రికార్డుల్లో, పరీక్షల్లో కనీసం పదిసార్లు గీసుంటాను. హ్యాండిల్ పట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లో ధైర్యం ఉన్నవాడొకడే పట్టుకుంటాడు, మిగతావాళ్లం సీనియర్ రికార్డులోంచి రీడింగులు దించుకుంటాం. "ఆగు, స్పీడు అందుకోనీ, ఇప్పుడు జరుపు" అంటూ ఒక్కో స్టడ్ దాటించారు. చివర్లో హ్యాండిల్ నో వోల్ట్ కాయిల్‌కి, అంటే కరెంటు ఉన్నంతసేపే దాన్ని పట్టి ఉంచే అయస్కాంతానికి, అతుక్కుంది. సప్లై తీసేశాక కాసేపటికి టక్కున వెనక్కి కొట్టుకుంది. "ఈ కాయిల్ లేకుండా ఫీల్డ్ వైరు ఊడిందనుకో, మోటారు ఆగదు, పిచ్చి పట్టినట్టు పరిగెడుతుంది" అన్నారు. ఇంకో గంట అక్కడే ఉండిపోయాను. వచ్చేటప్పుడు, "నాలుగేళ్లు ఎక్కడున్నావయ్యా?" అన్నారు.

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో ఉన్నాను. చుట్టూ మోటార్లే. ఒక్కటి ముట్టుకోవాలన్నా పర్మిట్ కావాలి. పొరపాటు చేస్తే లైన్ ఆగుతుంది, లైన్ ఆగితే మేనేజర్ దగ్గర నిలబడాలి. కాలేజీలో ఫ్యూజు కొట్టేస్తే ల్యాబ్ అసిస్టెంట్ తిట్టుకుంటూ కొత్తది వేసేవారు, అంతే.

బాబాయిది తప్పని అనను. లోన్ ఈఎంఐ కట్టేది ఆయన. క్యాంపస్ ఉద్యోగాలకి తయారుచేసే సీఆర్‌టీ క్లాసులకి వెళ్లాలి, ఆ రైళ్లూ పడవల లెక్కలు చెయ్యాలి, తప్పదు. ఎంటెక్ సీట్లకి పెట్టే గేట్ పరీక్ష కూడా రాసిపెట్టుకోవచ్చు, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఇంకో చిన్న పని: టెన్త్ మెమోలో పేరూ బీటెక్ మెమోలో పేరూ అక్షరం అక్షరం కలుస్తున్నాయో ఇప్పుడే చూసుకోండి. మా రూమ్మేట్ ఒక్క 'హెచ్' కోసం పాసయ్యాక నెలల తరబడి తిరిగాడు.

అవన్నీ పోను సాయంత్రాలుంటాయి, అవి ల్యాబ్‌లో గడపండి. ప్రాజెక్ట్ మాత్రం కొనకండి. పనిచేయకపోయినా సరే, మీ చేత్తో సోల్డరింగ్ చేసింది పెట్టండి. గైడ్ నాలుగు మాటలంటారు, పడండి.

రాత్రి ఇదంతా తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టాను. "మా దగ్గర నాలుగున్నరకే ల్యాబ్‌కి తాళం వేసేస్తారన్నా" అని రాశాడు. తాళం ఎవరి దగ్గరుంటుందో, ఆయన టీ ఎక్కడ తాగుతారో కనుక్కోమన్నాను. బ్లూ టిక్ వచ్చింది, రిప్లై ఇంకా రాలేదు.