స్కిల్ లిస్టు గారికి బహిరంగ లేఖ

రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మన పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్‌లో, ఆ పాత్రకు ఏయే పనులు వచ్చో చెబుతూ సగం చోటు ఆక్రమించుకుని దర్జాగా కూర్చున్న స్కిల్ లిస్టు గారికి,

నమస్కారం. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తొలిసారి అచ్చయినప్పుడు తమరు అందులో లేరు. గోతిని ఎలా దాటుతున్నారో ఆటగాళ్లు నోటితో చెబితే, కుదురుతుందో లేదో ఆట నడిపే రిఫరీ తేల్చేవాడు. మరుసటి ఏడాది దొంగ పాత్ర వచ్చింది, తాళాలు తీయడంలో నెగ్గే అవకాశాల శాతాలు వెంటబెట్టుకుని. ఆ తీసిన తలుపులోంచే తమరూ లోపలికొచ్చేశారు.

2000లో, మూడో ఎడిషన్ నాటికి తమరి వైభోగం చూడాలి! కంటితో చూడటానికి ఒక స్కిల్, చెవితో వినడానికి ఇంకొకటి, వెతకడానికి మరొకటి. దాక్కోవడం వేరు, చప్పుడు కాకుండా నడవడం వేరు. తాడుకు ముడి వేయాలన్నా విడిగా పాయింట్లు పెట్టాల్సిందే.

చిన్న లెక్క చెబుతాను. కాపలావాడి కంట పడకుండా ఉండే అవకాశం 70 శాతం, చెవిన పడకుండా ఉండే అవకాశం 70 శాతం అనుకుందాం. రెండూ నెగ్గాలి కాబట్టి మిగిలేది 49. ఇన్నేళ్ల దొంగతనపు శిక్షణ మానేసి నాణెం ఎగరేసుకున్నా 50 వచ్చేది కదండీ!

యోధుడి సంగతి ఇంకా ఘోరం. తెలివితేటల బోనస్ పక్కన పెడితే లెవెల్‌కు 2 పాయింట్లు. చూడటం, వినడం అతని క్లాస్ స్కిల్స్ (వృత్తికి సొంతమైనవి) కావట, అందుకని రెట్టింపు ధర. రాత్రంతా కాపలా కాసేది మాత్రం అతనే.

2009లో పాత్‌ఫైండర్ అనే ఆట తమరిని కాస్త కుదించి చూడటం, వినడం, వెతకడం కలిపి పర్సెప్షన్ చేసింది. బాగుంది. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో తమరు 18 స్కిల్స్‌కు దిగారు. అదీ బాగుంది. కానీ ధర? తలుపు తీసిన ప్రతిసారీ పనికొచ్చే పర్సెప్షన్‌కూ, గుర్రం బెదిరితే తప్ప ఎవరూ మొహం చూడని యానిమల్ హ్యాండ్లింగ్‌కూ ఒకే ధర. అందుకే ప్రతి పార్టీలో (అంటే పాత్రల జట్టులో) అందరూ డేగ కళ్లవాళ్లే, గుర్రాలేమో అనాథలు.

తమరి బంధువుల్లో గర్ప్స్ అనే ఆట వారింట వందల స్కిల్స్ ఉన్నాయి. అయినా అక్కడ డిఫాల్ట్ అనే దయ ఉంది: నేర్చుకోని పనైనా దానికి దగ్గరి స్కిల్‌తో, కొంత కోత వేసుకుని ప్రయత్నించొచ్చు. ఫేట్ యాక్సిలరేటెడ్ అనే మరో ఆట వారింట ఉన్నవే ఆరు, అవీ ఏం చేశావని కాదు, ఎలా చేశావని అడుగుతాయి. ఇక మావాళ్లు భోజనం నుంచి యుద్ధం దాకా అన్నీ ‘తెలివిగా’ చేస్తామంటారు. (ఆట నడిపే గేమ్ మాస్టర్, అదే జీఎం, మొహం చూడాలి అప్పుడు.)

తమరిని రద్దు చేయమని అడగను. ఎప్పుడూ జంటగా పాచికలు వేయించేవాటిని కలిపేయండి. అన్నిచోట్లా పనికొచ్చేదానికి ధర పెంచండి. ఇరుకు స్కిల్‌ను చవగ్గా ఇచ్చి, దాని వంతు వచ్చిన రోజున పెద్ద బోనస్ ఇవ్వండి. ఆ వంతు అసలు వస్తుందో రాదో పాయింట్లు పుచ్చుకోకముందే జీఎం చేత చెప్పించండి. ఈ చివరిది కాస్త అర్జెంటు.

ఇట్లు,
ఓడ నడపడంలో మహా నిపుణుడు
(ప్రస్తుతం ఎడారి కథలో, ఒంటె మీద, రెట్టింపు ధరతో)