ఇంట గెలవనివ్వని పార్టీ

న్యూయార్క్ నగరం ఉత్తరపు అంచున, కొంత బ్రాంక్స్, ఎక్కువగా వెస్ట్‌చెస్టర్ కలిసిన పార్లమెంటరీ నియోజకవర్గం ఒకటుంది. 2024 జూన్‌లో అక్కడి డెమోక్రాటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి ఎన్నికలో, సిటింగ్ సభ్యుడు, వామపక్ష డెమోక్రాట్ జమాల్ బౌమన్ ఓడిపోయారు. గాజా యుద్ధంపై ఆయన మాటలు ఇజ్రాయెల్ అనుకూల లాబీ ఏఐపాక్‌కు గిట్టలేదు. ఆ లాబీకి చెందిన సూపర్ ప్యాక్ (అభ్యర్థులతో సంబంధం లేకుండా ఎన్నికల్లో ఎంతైనా ఖర్చుపెట్టగల సంస్థ) ఆయన్ను దించడానికి 1.4 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించింది. ప్రతినిధుల సభ ప్రైమరీల్లో అంత ఖరీదైన పోటీ అంతకుముందు లేదు. ఆ సూపర్ ప్యాక్ పేరు యునైటెడ్ డెమోక్రసీ ప్రాజెక్ట్. పేరులో ఇజ్రాయెల్ లేదు, టీవీలో మోగించిన ప్రకటనల్లోనూ దాని ఊసు పెద్దగా లేదు. సొంత పార్టీ అధ్యక్షుడు బైడెన్ తెచ్చిన రోడ్లు, వంతెనల బిల్లుకే బౌమన్ అడ్డం తిరిగాడన్నది వాటి ప్రధాన ఆరోపణ.

ఆ ఓటు వెనక కథ చెప్పుకోవాలి. అమెరికా వామపక్ష డెమోక్రాట్లు తమ పార్టీ మీద ఎందుకు మనసు విరిగి ఉన్నారో అర్థం కావాలంటే అంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

2021లో బైడెన్ ముందు రెండు పెద్ద బిల్లులున్నాయి. ఒకటి సుమారు 1.2 లక్షల కోట్ల డాలర్ల రోడ్ల బిల్లు. కాంట్రాక్టులు వస్తాయి కాబట్టి వ్యాపార వర్గాలకు ఇష్టమైనదే, కొందరు రిపబ్లికన్లూ సరేనన్నారు. రెండోది 3.5 లక్షల కోట్లతో మొదలైంది: పిల్లల సంరక్షణ, మందుల ధరలు, వాతావరణం, సంపన్నుల మీద పన్నులు. నొప్పి పుట్టించేది ఇదే. అందుకే రెండూ జోడెద్దుల్లా కలిసి నడవాలని అభ్యుదయవాదులు పట్టుబట్టారు. స్పీకర్ నాన్సీ పెలోసీ కూడా జూన్‌లో ఆ మాటే అన్నారు. నవంబరుకల్లా మాట మారింది. ముందు రోడ్ల బిల్లు కానివ్వండి, రెండోదానికి తర్వాత ఓటేస్తామని మధ్యేవాద సభ్యులు కాగితం రాసిచ్చారు. సభలో అభ్యుదయవాదుల బృందమైన ప్రోగ్రెసివ్ కాకస్ సారథి ప్రమీలా జయపాల్ దాన్ని నమ్మారు. ఆరుగురు నమ్మలేదు, రోడ్ల బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. వారిలో బౌమన్, కోరీ బుష్, అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఉన్నారు. మొదటిది చేతికందాక రెండోదాన్ని పాతరేస్తారని వాళ్ల భయం.

రాసిచ్చిన వాళ్లు మాట నిలబెట్టుకున్నారు, ఆ మాట నిజమే. రెండో బిల్లు ప్రతినిధుల సభ దాటింది. దెబ్బ సెనేట్‌లో పడింది. చెరి యాభై మంది ఉన్న సభ అది. డిసెంబరు 19న వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్ సెనేటర్ జో మాంచిన్ ఫాక్స్ న్యూస్‌లో కూర్చుని తన ఓటు లేదని చెప్పేశారు. ఆయన కుటుంబానికి బొగ్గు వ్యాపారం ఉంది. వాతావరణం, మందుల ధరల అంశాలు కొన్ని మరుసటి ఏడాది మరో చట్టంగా బతికి బయటపడ్డాయి. పిల్లల సంరక్షణ గంగలో కలిసింది.

ఆరుగురి అనుమానమే నిజమైంది. అయినా మూడేళ్ల తర్వాత టీవీ ప్రకటనల్లో నేరమై నిలిచింది వాళ్ల ఓటే. 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో కోరీ బుష్‌నీ అదే ఓటు వెంటాడింది, అదే సూపర్ ప్యాక్ వెంటాడింది. ఆమె కూడా ఓడిపోయారు. మరి మాంచిన్? సెనేట్ ఇంధన కమిటీ చైర్మన్ కుర్చీలో చివరిదాకా కూర్చున్నారు, పార్టీ విడిచి ఇండిపెండెంట్ అయ్యాక కూడా.

మాంచిన్ ఒక్కరే అడ్డు అనుకోవడానికీ లేదు. 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయిన కనీస వేతనాన్ని 15కు పెంచాలని 2021 మార్చిలో వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ పెట్టిన సవరణకు సొంత పక్షం నుంచే 8 మంది కాదన్నారు. మనుషులు మారుతుంటారు గానీ, ‘కాదు’లు కావలసినన్ని ఎప్పుడూ దొరుకుతాయి. ట్రంప్ మీద వామపక్ష డెమోక్రాట్లకున్న కోపం లోకానికి తెలిసిందే. ఇది ఇంటి కోపం.

ఈ కోపం వెనకున్న డబ్బుకు దారి తెరిచిన తేదీ 2010 జనవరి 21. సిటిజన్స్ యునైటెడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో కంపెనీల ఎన్నికల ఖర్చుకు గేట్లెత్తేసింది. (మన సుప్రీంకోర్టు 2024లో ఎన్నికల బాండ్లను కొట్టేసి కొన్నవాళ్ల పేర్లు బయటపెట్టించింది. రెండు కోర్టులూ వాక్ స్వాతంత్య్రం పేరే చెప్పాయి.) అక్కడ చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. అసలు ఎన్నిక ప్రైమరీలోనే తేలిపోతుంది. ఓటేసేది కొద్దిమంది కాబట్టి డబ్బు అక్కడ బాగా పనిచేస్తుంది. 2024లో కాలిఫోర్నియా సెనేట్ ప్రైమరీలో క్రిప్టో కంపెనీల సూపర్ ప్యాక్ కేటీ పోర్టర్ మీద కోటి డాలర్లు ఖర్చుపెట్టింది. ప్రకటనల్లో క్రిప్టో మాటే లేదు. పైగా ఆమే కార్పొరేట్ల డబ్బు తీసుకుందని నిందించాయి!

పార్టీ వదిలేసి వేరు కుంపటి పెట్టుకోవచ్చు కదా? 2000 అధ్యక్ష ఎన్నికలో రాల్ఫ్ నాడర్ వామపక్షం వైపు నుంచి గ్రీన్ పార్టీ తరఫున విడిగా పోటీ చేశారు. ఫ్లోరిడాలో ఆయనకు 97 వేల ఓట్లు వచ్చాయి, రిపబ్లికన్ జార్జ్ బుష్ అక్కడ 537 ఓట్లతో నెగ్గి అధ్యక్షుడయ్యారు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గొడవే.

ప్రతి ఓటమినీ పెద్దల కుట్ర ఖాతాలో వేసే అలవాటు మాత్రం నాకు నచ్చదు. 2020 అధ్యక్ష ప్రైమరీల్లో, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డేకి ముందు, పోటీలో ఉన్న బూటిజెజ్, క్లోబుచార్ వరసగా తప్పుకుని బైడెన్ వెనక చేరారు, నిజమే. కానీ అంతకుముందే సౌత్ కరోలినా నల్లజాతి ఓటర్లు శాండర్స్‌ను కాదనుకున్నారు. వాళ్లను పెద్దల చేతిలో బొమ్మలనడం ఏ అభ్యుదయం? బౌమన్ కూడా అమెరికా కాంగ్రెస్ కార్యాలయ భవనంలో ఉత్తపుణ్యానికి ఫైర్ అలారం లాగి జరిమానా కట్టిన మనిషి.

అసలు పరీక్ష 2025లో న్యూయార్క్‌లో జరిగింది. మేయర్ ప్రైమరీలో మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమో కోసం ఒక సూపర్ ప్యాక్ 2 కోట్ల డాలర్లకు పైగా సమీకరించింది. అయినా వామపక్ష అభ్యర్థి జొహ్రాన్ మమ్దానీ గెలిచారు. అక్కడ నగరవాసులిచ్చే చిన్న విరాళాలకు ఒక్కో డాలరుకు 8 డాలర్ల చొప్పున ప్రభుత్వ నిధులు జత చేస్తారు. అది లేని ఊళ్లలో ఈ గెలుపు సాధ్యమని ఇప్పుడే చెప్పలేం. ఇంట గెలిచారు సరే, ఇంటిపెద్దలు ఒప్పుకోవాలి కదా. క్యూమో ఇండిపెండెంట్‌గా మళ్లీ బరిలోకి దిగారు. ప్రతినిధుల సభలో పార్టీ నాయకుడు హకీమ్ జెఫ్రీస్ ముందస్తు పోలింగ్ మొదలవడానికి ఒక రోజు ముందు గానీ మమ్దానీకి మద్దతు ప్రకటించలేదు. సెనేట్‌లో పార్టీ నాయకుడు చక్ షూమర్‌దీ ఆ నగరమే. నవంబరు 4న ఓటేశానని విలేకరులతో అన్నారు. ఎవరికో మాత్రం చెప్పలేదు.