ప్రారంభోత్సవం తర్వాత పార్కు

ఆదాయం తగ్గిన ఏడాది నగరపాలక సంస్థల పద్దుల్లో మొట్టమొదట కోత పడేది పార్కుల మీదే. నీటి సరఫరాలో కోత పెడితే మర్నాడే జనం రోడ్డెక్కుతారు. చెత్త తీయకపోతే వారం తిరక్కుండానే వీధులు కంపు కొడతాయి. పార్కులో తోటమాలిని తీసేస్తే మాత్రం ఆ నష్టం పైకి తేలడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటికి పచ్చిక ఎండిపోయి, ఊయల గొలుసులు తెగి, దీపాలు ఆరిపోయి, మరుగుదొడ్డికి తాళం పడి ఉంటుంది. ‘ఎలాగూ ఎవరూ రావడం లేదు కదా’ అన్న సాకు అధికారులకు సిద్ధంగా దొరుకుతుంది. ఆ స్థితికి తెచ్చింది తామేనన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు. పార్కులు, ఆటస్థలాలు డబ్బున్నప్పుడు పెట్టుకునే హంగులన్న భావన పాలకుల్లో ఉన్నంతకాలం ఈ తంతు సాగుతూనే ఉంటుంది. మంచినీటి గొట్టాలు, మురుగు కాలువల్లాగే ఇవీ నిత్యం నడవాల్సిన ప్రజాసేవలని, సమాజానికి వాటివల్ల కలిగే మేలులో పెద్ద వాటా రోజువారీ నిర్వహణ నుంచే వస్తుందని మేము భావిస్తున్నాం.

ఇదేమీ కొత్త వాదన కాదు. ప్రజల పార్కు అన్న ఆలోచన పుట్టిందే ఆరోగ్యం పేరుతో. ఫ్యాక్టరీల చుట్టూ కిక్కిరిసిపోయిన బ్రిటన్ పట్టణాల్లో శ్రామికులు కాస్త నడవడానికైనా ఖాళీ జాగా మిగలలేదని 1833లో అక్కడి పార్లమెంటు కమిటీ ఒకటి తేల్చిచెప్పింది. 1840లో డెర్బీ పట్టణంలో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని సొంత సొమ్ముతో తోట వేయించి పట్టణానికి అప్పగించాడు; అయితే అందులోకి ఉచిత ప్రవేశం మొదట వారానికి రెండు రోజులే, తక్కిన రోజుల్లో రుసుము చెల్లించాలి. 1847లో బర్కెన్‌హెడ్‌లో ప్రజాధనంతో నిర్మించిన పార్కు తలుపులు తెరుచుకున్నాయి. మూడేళ్ల తర్వాత ఆ పార్కును చూసి ముగ్ధుడైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, ఆ తర్వాత కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేశాడు. ఆ సెంట్రల్ పార్కు కోసమే నల్లజాతీయులు సొంత ఇళ్లు, చర్చిలు కట్టుకున్న సెనెకా విలేజ్ అనే వాడను 1857లో ఖాళీ చేయించారన్నది కూడా చరిత్రే. అందరి కోసమని చెప్పిన పార్కు నిజంగా ఎవరి కోసమన్న పేచీ అన్నమాట, మొదటి నుంచీ ఉన్నదే.

ఆరోగ్యం విషయంలో లెక్కలు స్పష్టంగానే ఉన్నాయి. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ చేయాలని, పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆడిపాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2022 నాటికి ప్రపంచంలోని పెద్దల్లో దాదాపు 31 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు. కౌమారంలో ఉన్నవారిలోనైతే ప్రతి అయిదుగురిలో నలుగురిదీ అదే పరిస్థితి. ఈ సంఖ్యలు చెప్పి ‘అందరూ వ్యాయామం చేయండి’ అని ఉపదేశించడం తేలిక. జిమ్‌కు నెలనెలా చందా కట్టగలిగినవారికీ, ఇంటి వెనుక పెరడు ఉన్నవారికీ ఆ ఉపదేశంతో పనిలేదు. ఒకటి రెండు గదుల ఇంట్లో ఉండేవారికి నడిచి చేరుకోగల పార్కు లేకపోతే ఆ ఉపదేశానికి అర్థం లేదు. ఇంగ్లండ్‌లో పని వయసు జనాభా మీద 2008లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం, పచ్చదనం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో సంపన్నులకూ పేదలకూ మరణాల రేటులో ఉండే తేడా తక్కువగా ఉందని చూపింది. పచ్చదనమే దానికి కారణమని ఆ ఒక్క అధ్యయనంతో రూఢిగా చెప్పలేం. కాస్త తీరిక, మంచి ఆదాయం ఉన్నవారే చెట్లున్న చోటికి చేరి ఉండవచ్చునన్న అనుమానం ఇలాంటి పరిశోధనలన్నింటినీ వెంటాడుతుంది.

ఆ అనుమానాన్ని చాలావరకు తీర్చింది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక ప్రయోగం. మందుల పరీక్షల్లో రోగులను చీటీలు తీసినట్టు విభజించే పద్ధతినే అక్కడ ఖాళీ స్థలాలకు వర్తింపజేశారు. పాడుబడిన 541 స్థలాలను ఎంచుకుని, వాటిని ఎవరి ఇష్టాయిష్టాల ప్రమేయమూ లేకుండా మూడు వర్గాలు చేశారు. మొదటి వర్గంలో చెత్త ఎత్తేసి, నేల చదును చేసి, గడ్డి, కొన్ని చెట్లు నాటారు. రెండో వర్గంలో చెత్త మాత్రం తీశారు. మూడో వర్గాన్ని ఉన్నదున్నట్టే వదిలేశారు. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. పచ్చగా మార్చిన స్థలాల చుట్టుపక్కల నివసించేవారిలో కుంగుబాటు అనుభూతి చెందుతున్నట్టు చెప్పినవారు ఏమీ చేయని చోట్లతో పోలిస్తే దాదాపు 41 శాతం తగ్గారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న పేటల్లో తుపాకీ హింస సుమారు 29 శాతం తగ్గింది. కేవలం చెత్త తీసి వదిలేసిన చోట్ల మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఈ ప్రయోగంలో మమ్మల్ని ఆకట్టుకున్నది మరో చిన్న వివరం. పచ్చిక వేసిన స్థలాల చుట్టూ తక్కువ ఎత్తున్న చెక్క కంచె కట్టారు. జనం లోపలికి రావడానికి అందులో సందులు వదిలారు. ఎవరినీ ఆపడానికి కట్టిన కంచె కాదది. ఈ జాగాను కనిపెట్టుకుని ఉండేవారున్నారని, మళ్లీ చెత్త పోయవద్దని దారినపోయేవారికి చెప్పడానికి పెట్టిన గుర్తు. ఆ తర్వాత క్రమం తప్పకుండా మనుషులు వచ్చి గడ్డి కోసి, చెత్త ఏరి వెళ్లారు. అందులో ఫౌంటెన్లు లేవు, విగ్రహాలు లేవు, రంగు రంగుల దీపాలు లేవు. కోట్లు పోసి కట్టించి, శిలాఫలకం మీద పేర్లు చెక్కించుకుని, ఆ తర్వాత ముఖం చాటేసే పాలకులు ఈ ప్రయోగం గురించి ఒకసారి చదవాలి.

శుభ్రంగా ఉంచడం ఒక ఎత్తయితే, పార్కులో ఏదో ఒకటి జరిగేలా చూడటం మరో ఎత్తు. పార్కు ఉన్నంత మాత్రాన పేట బాగుపడదని, వేర్వేరు పనుల మీద వేర్వేరు వేళల్లో వచ్చిపోయే జనం చుట్టూ ఉన్నప్పుడే పార్కుకు ప్రాణం వస్తుందని నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే హెచ్చరించారు. అమెరికాలోని 25 నగరాల్లో 174 పేట పార్కులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, నిర్వాహకుల పర్యవేక్షణలో జరిగే కార్యక్రమం అదనంగా ఒకటి చేరితే పార్కు వాడకం 48 శాతం దాకా పెరుగుతోందని తేలింది. యోగా తరగతి, పిల్లల ఫుట్‌బాల్ శిక్షణ, సాయంత్రపు సంగీతం వంటివాటికి కావలసింది ఒక శిక్షకుడు, ఒక సమయసారిణి, తాళంచెవి చేతిలో ఉన్న ఒక బాధ్యుడు. ఇంత చిన్న ఖర్చుకు ఇంతటి ఫలితం ఇచ్చే పద్దు నగరపాలనలో మరొకటి దొరకడం కష్టం. అయినా ‘వినోదం’ అనే మాట కనబడగానే దాన్ని కొట్టేయడం ఆర్థిక శాఖలకు అలవాటు.

అదే అధ్యయనం మరో సంగతిని కూడా బయటపెట్టింది. అక్కడి జనాభాలో వయోధికులు దాదాపు 20 శాతం కాగా, పార్కులకు వచ్చేవారిలో వారు 4 శాతమే. వయసు మళ్లినవారికి పార్కు మీద మనసు లేకపోవడం ఇందుకు కారణమని మేము నమ్మం. కూర్చుని లేవడానికి చేతులు ఆనించుకునే వీలున్న బెంచీ లేకపోవడం, ఉన్న బెంచీ ఎండలో ఉండటం, నడకదారి పలకలు పైకి లేచి కాలికి తగలడం, మరుగుదొడ్డి మూసి ఉండటం, గేటు ముందున్న రోడ్డు దాటలేకపోవడం వంటి చిన్న చిన్న అడ్డంకులు కలిసి వారిని ఇంట్లోనే కూర్చోబెడతాయి. ఒంటరితనం గురించి సదస్సులు పెట్టేవారు ముందుగా తమ పేట పార్కులో నీడలో ఉన్న బెంచీలు ఎన్నో లెక్కపెట్టి చూస్తే మంచిది. రోజూ ఒకే వేళకు ఒకే బెంచీ దగ్గర కలిసే నలుగురిలో ఒకరు రాకపోతే మిగిలిన ముగ్గురూ ఆరా తీస్తారు. ఆ పని ఏ ప్రభుత్వ పథకమూ చేయలేదు.

ఆడపిల్లల సంగతి వియన్నా నగరానికి 1990ల్లో అర్థమైంది. తొమ్మిదేళ్లు దాటాక పార్కులకు వచ్చే ఆడపిల్లల సంఖ్య ఒక్కసారిగా పడిపోతోందని, మగపిల్లల విషయంలో అలా జరగడం లేదని అక్కడి పరిశీలనలో తేలింది. మధ్యలో ఒకే ఒక్క పెద్ద ఖాళీ మైదానం ఉంటే దాన్ని బంతితో వచ్చిన మగపిల్లలు ఆక్రమించుకుంటారు. పోటీపడి గొడవపెట్టుకోవడం కన్నా ఆడపిల్లలు రావడమే మానేస్తారు. దాంతో ఆ నగరం ఒక వార్డులోని రెండు పార్కులను తిరిగి తీర్చిదిద్దింది. మైదానాన్ని మొక్కలతో చిన్న భాగాలుగా విడదీసి, కాలిబాటలు పెంచి, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు ఏర్పాటు చేయగానే వచ్చే పిల్లల తీరులో మార్పు కనబడింది. స్థలం అంతే, చెట్లూ అవే. పార్కు అందరిదీ అని బోర్డు రాసిపెట్టడానికీ, అందరూ వాడుకునేలా చేయడానికీ మధ్య ఇంత తేడా ఉంది. పిల్లలకు ఆడుకునే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం 1989 నుంచీ చెబుతోంది. ఆ హక్కులో సగం మంది పిల్లల వాటా తొమ్మిదేళ్లకే ముగిసిపోకూడదు.

వేడి విషయంలో పార్కుల గురించి కొంత అతిశయోక్తి ప్రచారంలో ఉంది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణ ప్రకారం పగటిపూట పార్కులో గాలి చుట్టుపక్కల కన్నా సగటున సుమారు 1 డిగ్రీ సెల్సియస్ మాత్రమే చల్లగా ఉంటుంది. అయితే చెట్టు నీడలో నిలబడిన మనిషి ఒంటికి తెలిసే తేడా గాలి ఉష్ణోగ్రతలో కనబడే తేడా కన్నా చాలా ఎక్కువ. అందువల్ల గడ్డి పరిచి చేతులు దులుపుకోకుండా, నీడనిచ్చే చెట్లు పెంచి, వాటిని మొదటి కొన్నేళ్లు నీళ్లు పోసి బతికించడం ముఖ్యం. ఇదీ నిర్వహణ పనే.

విపత్తుల వేళ పార్కు చేసే పని ఇంకా గట్టిది. 1923 కాంటో భూకంపం, దాని వెంట చెలరేగిన మంటల్లో టోక్యో తగలబడినప్పుడు ఉయెనో పార్కు లక్షలాది మందికి ఆశ్రయమిచ్చింది. నగరాన్ని తిరిగి కట్టేటప్పుడు ఆ పాఠాన్ని మరవకుండా ప్రాథమిక పాఠశాలల పక్కనే 52 చిన్న పార్కులు ఏర్పాటు చేశారు. మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకుంటారు, ఆపద వస్తే జనం అక్కడికి చేరుకుంటారు. నేటి జపాన్ పార్కుల్లో కొన్ని బెంచీలకు పైచెక్క తీస్తే లోపల వంట పొయ్యి ఉంటుంది. సింగపూర్‌లోని బిషాన్-ఆంగ్ మో కియో పార్కులో 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి 3.2 కిలోమీటర్ల వంపుల వాగుగా మార్చి 2012లో ప్రజలకు అందించారు. వాన లేనప్పుడు ఒడ్డున పిల్లలు ఆడుకునే పచ్చిక, భారీ వాన కురిస్తే వరదను మోసే మైదానం. నీటిమట్టం పెరిగితే హెచ్చరించేందుకు సైరన్లు, దీపాలు ఉన్నాయి. ఇలాంటి స్థలాన్ని అలంకారపు పద్దులో రాయడం ఏ లెక్కన చూసినా తప్పే.

పార్కు బాగుపడితే చుట్టూ అద్దెలు పెరిగి, ఎవరి కోసం బాగుచేశారో వారే ఇళ్లు ఖాళీ చేయాల్సి వస్తుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పాత రైలు వంతెనను పార్కుగా మార్చి 2009లో తెరిచిన న్యూయార్క్ హైలైన్ చుట్టూ స్థిరాస్తి ధరలు ఎలా ఎగిశాయో ప్రపంచమంతా చూసింది. దీనికి విరుగుడు పేద పేటలను పార్కులు లేకుండా ఉంచడం కాదు. ఒకచోట ఘనమైన ప్రాజెక్టు కట్టే సొమ్మును అనేక చిన్న పార్కులకు పంచి, అద్దెదారులకు రక్షణ కల్పించే చర్యలు దానికి జతచేయాలి. ప్రవేశ రుసుము విషయంలో మాత్రం మాకు రెండో అభిప్రాయం లేదు. గేటు దగ్గర రుసుము పెట్టిన రోజున పార్కు అవసరం ఎక్కువగా ఉన్నవారే బయట ఉండిపోతారు, పైగా వసూలయ్యే సొమ్ము తరచుగా టికెట్లు కోసేవారి జీతాలకే సరిపోతుంది.

మరి డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు జవాబులు లేకపోలేదు. మినియాపొలిస్ నగరం 1883లోనే పార్కుల కోసం ప్రత్యేకంగా ఎన్నికయ్యే బోర్డును ఏర్పాటు చేసుకుంది. పన్ను రాబడిలో దానికంటూ వాటా ఉంది. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో 1992లో పార్కులను ఒక ట్రస్టుకు అప్పగిస్తూ వాటితో పాటు అద్దెలు వచ్చే వాణిజ్య ఆస్తులను కూడా ఇచ్చారు. ఆ రాబడితోనే నిర్వహణ సాగుతోంది. ఏ నగరానికి ఏ పద్ధతి సరిపోతుందన్నది అక్కడి చట్టాలను బట్టి ఉంటుంది. రెండింటిలోనూ ఉన్న కిటుకు ఒక్కటే: నిర్వహణ సొమ్ము ఏటా పాలకుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకపోవడం.

సురక్షితమైన, అందరికీ అందుబాటులో ఉండే పచ్చని బహిరంగ స్థలాలను 2030 నాటికి ప్రతి ఒక్కరికీ కల్పించాలన్నది ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి. గడువు దగ్గరపడుతోంది. వచ్చే బడ్జెట్‌లో ప్రతి నగరపాలక సంస్థా పార్కుల కేటాయింపును నిర్మాణం, నిర్వహణ, కార్యక్రమాలు అని మూడుగా విడదీసి పేటలవారీగా ప్రచురించాలని, పదేళ్ల నిర్వహణ వ్యయం ఎక్కడి నుంచి వస్తుందో చూపించనిదే ఏ కొత్త పార్కుకూ అనుమతి ఇవ్వరాదని మేము కోరుతున్నాం. తాళం పడిన మరుగుదొడ్లు, ఆరిన దీపాలు, విరిగిన ఊయలల మరమ్మతుకు కొత్త ప్రాజెక్టుల కన్నా ముందే సొమ్ము విడుదల చేయాలి.