ఫార్మాల్డిహైడ్ వారి సముఖమునకు విన్నపము

మహారాజశ్రీ ఫార్మాల్డిహైడ్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయు విన్నపము.

తమరు క్రిములను చంపే రసాయనం; తమరి ఆవిరి సోకితే బాక్టీరియాకైనా వైరస్‌కైనా నూకలు చెల్లినట్టేనని వైద్యలోకం నమ్ముతుంది. మేమూ నమ్ముతున్నాము. మా మొర ప్రియాన్ ఒక్కదాని గురించే. అది మడత తప్పి, మెదడుకు జబ్బు తెచ్చే ఒక ప్రొటీన్. డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ లేనిది. చంపుదామంటే అందులో ప్రాణమే లేదు. ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి బిగించడం తమరి విద్య. బిగిసి ఉండడమే బలమైనదానికి ఆ శిక్ష సన్మానమవుతుంది. తమరిలో నానిన మెదడు కణజాలాన్ని తరువాత ఆటోక్లేవ్‌లో, అంటే అధిక పీడనపు నీటి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, పెట్టినా అందులోని ప్రియాన్ మరింత మొండిగా నిలుస్తుందని ప్రయోగాలలో తేలింది. దొంగను పట్టుకు రమ్మని పంపితే వాడికి కవచం తొడిగి వచ్చిన కొత్వాలు తమరు.

ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. 1935లో బ్రిటన్‌లో లౌపింగ్ ఇల్ అనే గొర్రెల జబ్బుకు గొర్రెల మెదడు నుంచే టీకా చేసి, తమరిని కలిపాము కనుక ఇక భయం లేదనుకున్నారు. అందులో ఒక విడత సుమారు 18,000 గొర్రెలకు వేయగా, రెండేళ్లు దాటాక ఆ మందల్లో స్క్రేపీ, అంటే గొర్రెలకు వచ్చే ప్రియాన్ జబ్బు, బయటపడింది. గొర్రెలు ఫిర్యాదులు వ్రాయవు కాబట్టి తమరి కొలువుకు ఢోకా రాలేదు.

తరువాత వంతు మనుషులది. జూరిక్‌లో క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి (మనుషులకు వచ్చే, ప్రాణాంతకమైన ప్రియాన్ జబ్బు) ఉన్న ఒక మహిళ మెదడులో దించిన ఎలక్ట్రోడ్లనే ఆల్కహాల్‌తోనూ తమరి ఆవిరితోనూ శుద్ధి చేసి, మూర్ఛవ్యాధి ఉన్న ఇద్దరు యువరోగులకు వాడారు. ఇద్దరికీ అదే జబ్బు వచ్చిందని 1977లో వైద్యులు ప్రకటించారు. అంతటితో ఆగలేదు. చివరిసారి మనిషికి వాడిన రెండేళ్ల పైచిలుకు తరువాత, మూడుసార్లు కడిగి, మళ్లీ మళ్లీ తమరి ఆవిరి పట్టించిన ఆ ఎలక్ట్రోడ్లను ఒక చింపాంజీ మెదడులో అమర్చగా, 18 నెలలకు అదీ జబ్బున పడింది. ఇంత శ్రద్ధగా చేసిన సంరక్షణకు తమరికి పురావస్తు శాఖలో ఉద్యోగం ఇవ్వవలసింది. పొరపాటున ఆసుపత్రిలో ఇచ్చారు.

తమరి స్థానంలోకి వచ్చినవారి వంశం గొప్పది కాదు. లీటరు నీటికి 40 గ్రాముల కాస్టిక్ సోడా, లేదా 20,000 పీపీఎం, అంటే రెండు శాతం, క్లోరిన్ ఉన్న బ్లీచ్. అందులో గంటసేపు నానబెట్టి, ఆపైన ఆటోక్లేవ్ చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. బ్లీచ్ ఉక్కును తింటుంది, కాస్టిక్ అల్యూమినియాన్ని తింటుంది. ఖరీదైన పరికరం పాడవుతుందని లెక్కల విభాగం బాధపడుతుంది. ఆ బాధ న్యాయమైనదే. అందుకే ఇలాంటి రోగికి వాడిన పరికరాన్ని కాల్చివేయడమే అన్నిటికన్నా క్షేమమని అదే సంస్థ అన్నది. ఆ వాక్యాన్ని లెక్కల విభాగానికి ఎవరు చదివి వినిపిస్తారో మరి. తమరు మాత్రం పరికరానికి గీత కూడా పడనివ్వరు, ప్రియాన్‌కూ పడనివ్వరు.

కాబట్టి అనుమానం ఉన్న పరికరాల ట్రే వచ్చినప్పుడు తమరు పక్కకు తప్పుకోవలసిందిగా ప్రార్థన. మేము దానిని ఆరనివ్వకుండా తడిగా ఉంచి కాస్టిక్‌కు అప్పగిస్తాము. నెత్తురు, కణజాలం ఎండి అంటుకుంటే కాస్టిక్‌కూ కష్టమే. ప్రయోగశాలలో మెదడు ముక్కలను పరీక్షకు సిద్ధం చేయడానికి తమరి అవసరం ఉంటుంది, రండి. అయితే అక్కడ కూడా తమరి పని అయ్యాక, ప్రియాన్ తీవ్రతను అణచడానికి ఆ ముక్కలను గాఢమైన ఫార్మిక్ ఆమ్లంలో గంటసేపు ఉంచుతారు. తమరు ఆక్సీకరణం చెందితే పుట్టేది ఆ ఆమ్లమే కదా. కొడుకు వచ్చి పని పూర్తి చేస్తుంటే తండ్రిగా తమరు అడ్డుపడరని ఆశిస్తూ,

ఇట్లు,
స్టెరిలైజేషన్ విభాగం నుంచి
తమ విధేయుడు