రూట్ గారూ, డీమన్ బ్రదర్సూ

జూన్ వచ్చిందంటే చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు వరసకడతాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో మా మామ కాటా గుమాస్తా. కాయ తూకం వేసి చీటీ రాయడం ఆయన పని. ఆనాటి లెక్కంతా రాత్రి తొమ్మిదికి ఓనరుకు మెయిలు చేయడం మాత్రం కాటా గదిలో విండోస్ బదులు లినక్స్‌తో నడిచే కంప్యూటర్ పని. తొమ్మిది కాగానే, వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ అనే ప్రోగ్రాము ఒక స్క్రిప్టును, అంటే రాసిపెట్టిన కమాండుల చిట్టాను నడుపుతుంది, ఆ స్క్రిప్టు మెయిల్ఎక్స్ అనే కమాండుతో లెక్క పంపేస్తుంది. మామ ఆరుకే బండెక్కేస్తాడు.

ఆ మెషీనును బిగించిన సిస్టమ్ పిల్లోడు దానికి సరదాగా తోతాపురి అని పేరు పెట్టాడు. పంపేవాడి అడ్రసు మాత్రం ఎక్కడా రాయలేదు. రాయకపోతే ఏ యూజర్ కింద స్క్రిప్టు నడుస్తోందో ఆ పేరుకు మెషీను పేరు తగిలించి మెయిలు బయల్దేరుతుంది. ఈ స్క్రిప్టు నడిచేది రూట్ కింద, అంటే లినక్స్‌లో సర్వాధికారాలుండే యూజర్ కింద. అట్లా తిరుపతిలో ఉండే ఓనరు ఫోనుకు 'రూట్ ఎట్ తోతాపురి డాట్ లోకల్‌డొమైన్' నుంచి లెక్కలు రావడం మొదలైంది.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"ఏమయ్యా, ఈ రూట్ ఎవుడు? ఎప్పుడు చేర్చుకుంటిరి?"

కంప్యూటర్ గురించి ఓనరుకు చెప్పడమంటే ముందు తనకు తెలిసుండాలి. మామ నీళ్లు నమిలాడు.

"లోకల్ అని రాసుండాది. మనూరోడేనా?"

"లోకలే సార్."

"రాత్రి తొమ్మిదిదాకా పనిచేస్తా ఉండాడు. మీరేమో ఆరుకే ఇంటికి పోతా ఉండారు. నేర్చుకోండి!"

అంతటితో ఆగుంటే బాగుండేది. ఆ పూటే ఓనరు ఆ మెయిలుకు 'వెరీ గుడ్, రూట్' అని జవాబు కొట్టాడు. లోకల్‌డొమైన్ అనే ఊరు బయటి ప్రపంచంలో లేదు కాబట్టి జవాబు వెనక్కొచ్చింది. తెచ్చింది మెయిలర్ డీమన్. డీమన్ అంటే తెరవెనక పనిచేసే ప్రోగ్రాము. చేరని మెయిళ్లను తిరిగి అప్పజెప్పే ప్రోగ్రాముకు ఆ పేరు పాతకాలం నుంచీ ఉంది, ఓనరుకేం తెలుసు?

మామ గాభరాపడి సిస్టమ్ పిల్లోణ్ణి పిలిపించాడు. పిల్లోడు తన ల్యాప్‌టాప్‌లో మెయిల్ఎక్స్ కమాండు పక్కన మైనస్ ఏ అనే ఆప్షన్ పెట్టి, ఫ్రమ్ అని రాసి, అడ్రసు ఇచ్చి పరీక్షించి చూపించాడు. చక్కగా పనిచేసింది. అదే లైను కాటా కంప్యూటర్‌లో ఎక్కించి టీ తాగి వెళ్లిపోయాడు.

చిక్కంతా ఆ మైనస్ ఏతోనే. పిల్లోడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు అనే ఒక రకం లినక్స్. అందులోని గ్నూ మెయిల్‌యుటిల్స్‌కు మైనస్ ఏ అంటే మెయిలుకు ఒక హెడర్, అంటే పైన ఉండే ఫ్రమ్ లాంటి లైను జోడించడం. కాటా గదిలో ఉన్నది సెంటోస్ 7 అనే ఇంకో రకం లినక్స్, అందులో హెయిర్‌లూమ్ మెయిల్ఎక్స్. దానికి మైనస్ ఏ అంటే ఫైలు జతచేయడం. రెండిటినీ పిలిచేది మెయిల్ఎక్స్ అనే, అక్షరమూ అదే, అర్థాలు మాత్రం ఎడ్డెమంటే తెడ్డెం. రాత్రి తొమ్మిదికి అది 'ఫ్రమ్: కాటా' అనే ఫైలు కోసం చూసి, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అని చేతులెత్తేసింది. స్క్రిప్టు ఏం గొణిగినా దాన్ని తన సెట్టింగుల్లో ఉన్న మెయిల్‌టూ అడ్రసుకు చేరవేయడం క్రాన్‌కు అలవాటు. ఆ అడ్రసు ఓనరుదే. పంపినవారు: క్రాన్ డీమన్.

"రూట్‌కు లీవా?" అని మళ్లీ ఫోను. "వాడి బదులు క్రాన్ డీమన్ అని ఎవుడో వచ్చినాడు. లెక్క పంపకుండా డైరెక్టరీ లేదంటాడు. ఒకటి కొనియ్యండయ్యా! ఇంకో సంగతి, మొన్న మెయిలర్ డీమన్, నిన్న క్రాన్ డీమన్. ఒకే ఇంటోళ్లను నా ఫ్యాక్టరీలో నింపుతా ఉండావా?"

ఆ రోజే మామ నన్ను పిలిచాడు. "రేయ్ అల్లుడూ, నా ఉద్యోగం పోయేలా ఉంది, ఆ ఇద్దరన్నదమ్ముల్నీ ముందు పంపించెయ్."

మెయిలుకు కవరు వేరు, లోపలి ఉత్తరం వేరు. 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5321 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం కవరు సంగతి చూస్తుంది, 5322 ఉత్తరం సంగతి. మనకు కనబడే ఫ్రమ్ ఉత్తరం మీదిది. చేరని మెయిలు తిరిగొచ్చేది మాత్రం కవరు మీది అడ్రసుకు. ఉత్తరం మీద పేరు మార్చి కవరు మీద రూట్‌ను వదిలేస్తే పని సగమే అయినట్టు. హెయిర్‌లూమ్‌లో మైనస్ ఆర్ ఇస్తే రెండూ మారతాయి. ఇదంతా మామకు వివరించాను. ఆయన విన్నంతసేపూ తలూపి, "సరే, నా అడ్రసు పెట్టెయ్. నా పేరు చూస్తే సార్ ఇంకేమీ అడగడు" అన్నాడు.

కాటా పేరుతో వేరే అడ్రసు పెడదాం మామా అన్నాను. వినలేదు. మైనస్ ఆర్ పక్కన మామ అడ్రసే రాసి పరీక్ష మెయిలు వదిలాను. శుభ్రంగా వెళ్లింది.

ఆ రాత్రి తొమ్మిదికి మామ ఇంట్లో సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటున్నాడు. తొమ్మిదీ రెండుకు ఫోను మోగింది.

"శభాష్! ఇప్పుడే నీ మెయిలు చూసినా. ఎట్లా ఆఫీసులోనే ఉండావు కదా, గేటు కాడ రెండు ట్రాక్టర్లు ఉండాయంట. తూకమేసి పో."